శైత్యసాధకుడు కామర్లింగ్ ఓనెస్

విద్యుత్తును పుట్టించు జనరేటరును మనలో చూచినవారు కొద్దిమంది. దాని ఫలమును అనుభవింపని యిల్లు మాత్రము నేడు మన గ్రామమున లేదు. ఆ యంత్రములో రాగితీగ చుట్టలు ఉండును. వానిలో ప్రవహించు విద్యుత్తుకు రాగియే కొంత అడ్డు తగులును. ఆ అడ్డును శాస్త్రజ్ఞులు నిరోధమందురు. నిరోధమువలన తీగ వేడెక్కును, వేడెక్కినంత మేర శక్తి వృథాయగును. ఎంతటి గొప్ప యంత్రమైనను ఈ సుంకము చెల్లింపక తప్పదు. అట్లు కాక, సుంకమే లేని తీగ యుండినచో? అట్టి తీగతో యంత్రము నిర్మించినచో? ఈ ప్రశ్నకు ఆధారమైన వింతను 1911లో కనుగొన్నవాడు హాలెండు దేశీయుడైన హైకె కామర్లింగ్ ఓనెస్ అను ఆచార్యుడు. దానిని ప్రయోజనమునకు తేవలెనని మొదట ఆశపడినవాడును, ఆ ఆశ తన చేతిలోనే భగ్నమగుట చూచి ఆ సంగతిని దాచక లోకమునకు ప్రకటించినవాడును ఆయనయే. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికయందు ఆ మహనీయుని చరిత్ర చదువరులకు నివేదింప దలచితిని.

హాలెండు ఉత్తర భాగమున గ్రోనింగెన్ అను పట్టణము కలదు. అచ్చట 1853 సెప్టెంబరు 21వ తేదీన ఓనెస్ జన్మించెను. తండ్రి హార్మ్ కామర్లింగ్ ఓనెస్ ఇటుకల కార్ఖానా యజమాని. తల్లి ఆనా గెర్డినా కూర్స్ ఒక గృహనిర్మాణ శిల్పి కుమార్తె. ఇటుక కాల్చువాని యింట పుట్టినవాడు లోకములోకెల్ల చల్లని వస్తువును సృజించుట విధి చమత్కారమే. ఆ కుటుంబమున కళాభిమానము మెండు. తమ్ముడు మెన్సో చిత్రకారుడయ్యెను. చెల్లెలు మరియొక చిత్రకారుని పెండ్లాడెను. హైకె మాత్రము కుంచెకు మారుగా తాపమాపకమును చేతబట్టెను.

1870లో గ్రోనింగెన్ విశ్వవిద్యాలయమున చేరెను. మరుసటి యేడే ఉట్రెక్టు విశ్వవిద్యాలయమువారు పెట్టిన వ్యాసపోటీలో, వాయువుల సాంద్రతను కొలుచు పద్ధతులపై వ్రాసి బంగారు పతకము గెలిచెను. అప్పటికి పదునెనిమిదేండ్ల ప్రాయము. తరువాత జర్మనీలోని హైడెల్బర్గుకు పోయి బున్సెన్, కిర్కాఫ్ అను ఉద్దండుల సన్నిధిని రెండేండ్లు చదివెను. పదార్థమును మండించి దాని వెలుగును పట్టకములో చూచి, అది యే మూలకమో చెప్పు విద్యను లోకమునకు ఇచ్చినవారు ఈ గురువులే. ఆ విద్య శిష్యుని కథలోనికి మరల ఎట్లు వచ్చునో ముందు తెలియగలదు. స్వదేశమునకు మరలి 1879లో డాక్టరు పట్టము పొందెను. వ్రేలాడు లోలకము ఊగు దిక్కు మెల్లగా మారుటనుబట్టి భూమి తన చుట్టు తాను తిరుగుచున్నదని నిరూపించు క్రొత్త ఉపపత్తులు ఆయన సిద్ధాంతగ్రంథ విషయము.

ఆ కాలమున వాన్ డెర్ వాల్స్ అను మరియొక డచ్చి పండితుడు వాయువులు ద్రవములుగా మారు తీరును గూర్చి గొప్ప సూత్రము చెప్పియుండెను. ఆ సూత్రమునుబట్టి ఒక వాయువు స్వభావము తెలిసినచో మరియొకటి ఏ ఉష్ణోగ్రతవద్ద ద్రవమగునో ముందే అంచనా కట్టవచ్చును. ఓనెస్ ఆయనతో స్నేహము చేసి, ఆ సూత్రమును కొలతలచే పరీక్షించుటయే తన జీవిత కార్యముగా ఎంచుకొనెను. 1882లో, ఇరువది తొమ్మిదవ యేట, లైడెన్ విశ్వవిద్యాలయమున ప్రయోగ భౌతికశాస్త్ర ఆచార్య పదవి లభించెను. పదవీ స్వీకారమునాడు చేసిన ఉపన్యాసములో ఆయన చెప్పిన సారాంశమొక్కటే. కొలత ద్వారానే జ్ఞానమునకు చేరవలెను. ఈ మాటను ప్రతి ప్రయోగశాల ద్వారముపైన వ్రాసిపెట్టవలెనని ఆయన కోరిక.

చిట్టా ఆవర్జాలతో వయసు గడపిన నావంటివానికి ఈ మాట వినినంతనే ఆయనయందు బంధుభావము కలిగినది. ధాన్యపు రాశిని చూచి ఇంతయుండునని చెప్పువారు పదిమంది యుందురు. కుంచముతో కొలిచి వ్రాసుకొనువాడు ఒక్కడుండును. వివాదము వచ్చిననాడు నిలుచునది వాని పుస్తకమే.

ఇక శైత్యమును గూర్చి కొంచెము చెప్పవలెను. వేడికి అంతు లేదు గాని చలికి అంతు కలదు. నీరు గడ్డకట్టు స్థానమునుండి 273 డిగ్రీలు క్రిందికి పోయినచో అంతకంటె చల్లదనము ప్రకృతిలోనే లేదు. దానిని పరమశూన్యమందురు. మనము పీల్చు ప్రాణవాయువు సున్నకు దిగువ 183 డిగ్రీల వద్దను, నత్రజని 196 వద్దను, ఉదజని 253 వద్దను ద్రవములగును. 1877లో ఫ్రాన్సు, స్విట్జర్లాండు దేశములందు ప్రాణవాయువును క్షణకాలము మంచుతుంపరగా చూపిరి. 1883లో పోలండు పండితులిద్దరు క్రాకో నగరమున దానిని నిలుకడగల ద్రవముగా పట్టిరి. ఓనెస్ తలపెట్టినది ఇంకను పెద్దది. చిటికెడు ద్రవమును చూపి చప్పట్లు కొట్టించుకొనుట ఆయన లక్ష్యము కాదు. బిందెల కొలది తయారుచేసి, అందులో వస్తువులను ముంచి, తీరికగా కొలతలు తీయవలెను. అందులకై మెట్లబావివంటి పద్ధతిని అవలంబించెను. మెట్లబావిలో ఒక మెట్టుపై నిలిచినగాని క్రింది మెట్టు అందదు. అట్లే ఒక వాయువును ఒత్తిడిచే ద్రవముగా చేసి, దానిని ఆవిరి కానిచ్చి, ఆ చల్లదనముతో తరువాతి వాయువును ద్రవీకరించి, దానితో ఆ పైదానిని సాధించుట. మిథైల్ క్లోరైడు మొదటి మెట్టు, ఇథిలీను రెండవది, ప్రాణవాయువు మూడవది. పదేండ్ల శ్రమకు ఫలముగా 1892 మొదలు 1894 లోపల ఈ సోపానము లైడెనులో పనిచేయసాగెను.

అంతలో గొప్ప విఘ్నము సంభవించెను. 1807 జనవరి 12న లైడెన్ కాలువలో నిలిచియున్న తుపాకిమందు పడవ ప్రేలి ఊరి నడుమ భాగము నేలమట్టమై నూటయేబదిమంది వరకు మరణించిరి. ఆ శిథిల స్థలముననే తరువాత ఓనెస్ పనిచేయు ప్రయోగశాల కట్టబడినది. ఆచార్యుడు గొప్ప ఒత్తిడితో వాయువులను ఉక్కుపాత్రలలో నింపుచున్నాడని 1895లో తెలిసినప్పుడు పురపాలక సంఘమువారికి పాతగాయము మరల రేగెను. ప్రభుత్వమునకు ఫిర్యాదు పోయెను, విచారణ సంఘము ఏర్పడెను. ప్రేలునట్టి వాయువులతో పని సుమారు మూడేండ్లు ఆగిపోయెను. ఆ సంఘములో వాన్ డెర్ వాల్స్ ఉండెను. ఇంగ్లండునుండి ప్రత్యర్థియైన డూవరు పండితుడు కూడ ప్రయోగశాలకు అనుకూలముగా లేఖ వ్రాసెను. కడకు 1898లో అనుమతి వచ్చెను. ఊరివారి భయమును నేను నిందింపజాలను. తాతముత్తాతలు శవములను మోసిన వీథిలో మరల ఉక్కుసీసాలు దొర్లుచుండగా ఎవరు నిదురపోగలరు? అయినను ఆ మూడేండ్ల వెల మిక్కిలి హెచ్చైనది. అదే 1898లో లండనులో డూవరు ఉదజనిని ద్రవీకరించి ఆ ఘనత దక్కించుకొనెను.

ఇక్కడనే ఓనెస్ యొక్క స్వభావము వెల్లడియగును. డూవరు మహా నేర్పరి, నేడు మన యిండ్లలో కాఫీ వేడిగా నిలుపు థర్మోసు ఫ్లాస్కునకు మూలము ఆయన కనిపెట్టిన జంటగోడల గాజుపాత్రయే. కాని ఆయన ఒకరిద్దరు సహాయకులతో ఒంటరిగా పనిచేయువాడు, పలువురితో కలహించినవాడు. ఓనెస్ అట్లు కాక ఒక చిన్న రాజ్యమునే స్థాపించెను. 1901లో పనిముట్లు చేయువారికి శిక్షణాలయము నెలకొల్పి, పేదయిండ్ల కుర్రవాండ్రకు లోహపు పనియు గాజు ఊదుటయు నేర్పించెను. నీలి అంగీలు తొడిగెడివారగుటచే వారికి నీలి కుర్రవాండ్రని పేరు వచ్చెను. యంత్రముల పెద్ద ఫ్లిమ్, గాజుపని పెద్ద కెసెల్రింగ్ ఆయనకు రెండు భుజములు. పట్టుదల తప్పితే ఉగ్రుడగునని, పని తప్పకపోతే తండ్రివలె చూచునని ఆయనను గూర్చి చెప్పుదురు. దేహము మొదటినుండియు దుర్బలము. 1887లో ఆయనను పెండ్లాడిన ఎలిజబెత్ బైలెవెల్ద్ ఆ ఆరోగ్యమును కంటిరెప్పవలె కాచెను. వారికి ఆల్బర్ట్ అను ఒక్కడే కుమారుడు. 1906 నాటికి లైడెన్ యంత్రము గంటకు నాలుగు లీటర్ల ద్రవ ఉదజని నిచ్చుచుండెను. వెనుకబడినవాడు ముందునకు వచ్చెను.

మిగిలినది ఒక్క హీలియము. దీని కథలో మన తెలుగుదేశమునకు పాలు కలదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినప్పుడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సన్ గుంటూరునను, మద్రాసు వేధశాలాధికారి పోగ్సన్ మచిలీపట్టణమునను నిలిచి సూర్యుని అంచున లేచు జ్వాలల వెలుగును పట్టకములగుండ పరిశీలించిరి. ఆ గ్రహణమున పలువురకు ఒక పసుపుపచ్చని గీత కనబడెను. అది భూమిపై తెలిసిన ఏ మూలకమునకు చెందినది కాదని ఆ తరువాత తేలెను. ఇంగ్లండులో లాక్యర్ దానికి గ్రీకు భాషలో సూర్యుని పేరే పెట్టెను. హైడెల్బర్గు గురువుల విద్య మరల వచ్చునంటినే, అది ఇదియే. 1895లో రామ్సే అను పండితుడు ఒక ఖనిజమునుండి హీలియమును వెలికి తీసి అది భూమిపై కూడ కలదని చూపెను. కాని లభించునది బహు స్వల్పము. ఓనెసునకు ఓనో అను తమ్ముడు వర్తక వ్యవహారముల సమాచార శాఖలో అధికారి. అతని సాయమున అమెరికానుండి మోనజైటు ఇసుక పెద్దమొత్తమున తెప్పించి, కాచి, శుద్ధిచేసి, నెలల తరబడి శ్రమించి 360 లీటర్ల హీలియము వాయువును కూడబెట్టిరి.

1908 జూలై 10వ తేదీ. ముందునాడే 75 లీటర్ల ద్రవవాయువు సిద్ధపరచియుండిరి. తెల్లవారి 5 గంటల 45 నిమిషములకు పని మొదలయ్యెను. మధ్యాహ్నము ఒకటిన్నరకు 20 లీటర్ల ద్రవ ఉదజని చేతికి వచ్చెను. సాయంకాలము 4 గంటల 20 నిమిషములకు హీలియము యంత్రమున తిరుగసాగెను. వాయువు లీటరైన వృథాపోరాదు, గాలి చొరబడరాదు, ఒక్క గొట్టము మూసుకొనిపోయినను ఏండ్ల శ్రమ మట్టిపాలు. ఉష్ణమాపకము దిగి దిగి ఒకచోట నిలిచిపోయెను. పాత్రలో చూడబోతే ఏమియు కనబడదు. ద్రవ ఉదజని చివరి సీసా కూడ తగిలించిరి. అందరి ముఖములు వాడినవి. అప్పుడు చూడవచ్చిన ఆచార్య ష్రైనెమాకర్స్ అను రసాయన పండితుడు ఉష్ణమాపకము కదలకుండుట అది ద్రవములో మునిగియుండుటచే కావచ్చునేమోయని, అడుగునుండి దీపము చూపుడని సూచించెను. అట్లు చూపగా పాత్రలో కత్తి అంచువలె సన్నని ద్రవతలము తళుక్కుమనెను. అప్పటికి రాత్రి ఏడున్నర. చిక్కిన ద్రవము 60 ఘన సెంటీమీటర్లు, అనగా ఒక చిన్న కప్పెడు కాఫీ పాటి. దాని ఉష్ణోగ్రత సున్నకు దిగువ 269 డిగ్రీలు, పరమశూన్యమునకు నాలుగు డిగ్రీల పైమాట మాత్రమే. ఆ తరువాత పదునైదేండ్లవరకు లోకమున ద్రవ హీలియము దొరకునది ఆ ఒక్క భవనములోనే.

ఇంతటి చలిలో లోహములయొక్క విద్యున్నిరోధము ఏమగునను ప్రశ్న అప్పుడు పండితలోకమున నలుగుచుండెను. చలి హెచ్చిన కొలది నిరోధము తగ్గునని అందరికి తెలియును. కాని తుదిని? కెల్విన్ ప్రభువు చలికి విద్యుత్కణములే గడ్డకట్టిపోయి నిరోధము అనంతమగునని తలచెను. డూవరు మొదలగువారు అది మెల్లమెల్లగా సున్నకు దిగుననిరి. ఓనెస్ వాదింపలేదు, కొలిచెను. మొదట ప్లాటినము, బంగారము తీసికొనెను. వాని నిరోధము కొంతవరకు తగ్గి నిలిచిపోయెను. ఆ మిగులు లోహములోని మలినమువలన కలిగినదని గ్రహించి, బట్టీపట్టి శుద్ధి చేయగల లోహమగు పాదరసమును ఎన్నుకొనెను. సన్నని గాజు గొట్టములలో దానిని గడ్డకట్టించి తీగవలె చేసిరి.

1911 ఏప్రిల్ 8న ఆ ప్రయోగము జరిగెను. ఫ్లిమ్ శైత్యయంత్రమును నడిపెను. డోర్స్మన్ ఉష్ణోగ్రతను చూచెను. గిలెస్ హోల్స్ట్ అను యువకుడు దూరపు గదిలో కూర్చుండి నిరోధము కొలిచెను. పాదరసము నిరోధము ఉన్నట్టుండి కొలతకందకుండ పోయెను. సాధనములో తప్పున్నదేమోయని వెదకిరి, తప్పు దొరకలేదు. శరత్కాలమున మరల చేసిన కొలతలందు 4.2 డిగ్రీల వద్ద అది మెల్లగా తగ్గుట గాక ఒక్క పెట్టున, అరుగుమీదినుండి నేలకు దూకినట్లు, పడిపోవుట స్పష్టమయ్యెను. కెల్విన్ చెప్పినట్లు కాలేదు, డూవరు చెప్పినట్లును కాలేదు. ఈ గుణమునే అతివాహకత అందురు. కారణమేమో ఓనెస్ ఎరుగడు. అది తెలిసినది 1957లో, అమెరికాకు చెందిన బార్డీన్, కూపర్, ష్రీఫర్ అను మువ్వురి వలన.

ఇచ్చట ఒక కట్టుకథను తొలగింపవలసియున్నది. ఒత్తిడిని కాచియుండవలసిన నీలి కుర్రవాడొకడు కునుకు తీయగా ఉష్ణోగ్రత పెరిగి నిరోధము మరల ప్రత్యక్షమయ్యెననియు, ఆ కునుకువలననే ఈ వింత బయటపడెననియు చిరకాలము చెప్పుకొనిరి. వినుటకు ఇంపుగా నున్నది. కాని ఓనెస్ పెన్సిలుతో గజిబిజిగా వ్రాసిన ప్రయోగపు పుస్తకములు లైడెనులోని బోర్హావె ప్రదర్శనశాలలో భద్రముగా నున్నవి. 2010 ప్రాంతమున పండితులు వానిని కష్టపడి చదువగా ఆనాటి పని గంటలవారీగా తెలిసినది. అందు కునుకు లేదు. ఎవరే ఉష్ణోగ్రతను ఎప్పుడు మార్చిరో అన్నియు లెక్కగా నున్నవి. నూరేండ్ల తరువాత కూడ పుస్తకము తన యజమానికి సాక్ష్యము పలికెను.

మరి హోల్స్ట్ సంగతి? పాదరసపు నిరోధమును స్వయముగా కొలిచినవాడు అతడే. ప్రచురించిన పత్రములలో రచయితగా ఓనెస్ పేరు ఒక్కటే యుండెను, హోల్స్టునకు కృతజ్ఞత మాత్రము తెలుపబడెను. ఆ కాలపు ఆచార్యులలో అది వాడుకయేనని పండితులు సమాధానము చెప్పుదురు. వాడుక యగుగాక. పద్దు ఎవరు వ్రాసిరో వారి చేవ్రాలు పద్దు ప్రక్కన ఉండుటయే న్యాయమని నా తలంపు. ఓనెస్ అంతటి కొలతల మనిషి ఈ ఒక్క కొలతలో కొంచెము తక్కువ తూచెను. హోల్స్ట్ మాత్రము చిన్నబుచ్చుకొని కూర్చుండలేదు. 1914లో ఫిలిప్స్ కంపెనీలో చేరి, మన తండ్రుల కాలమున దీపములకును రేడియోలకును పేరుమోసిన ఆ సంస్థ పరిశోధనాలయమునకు మొదటి అధిపతియై చిరకాలము నడిపించెను.

1912 డిసెంబరులో తగరము, సీసము కూడ అతివాహకములని తేలెను. పాదరసముతో తీగ చుట్టలేము, సీసముతో చుట్టవచ్చును. ఓనెస్ మనస్సు పరుగులు తీసెను. ఫ్రెంచి పండితుడు పెరాన్ 1,00,000 గాస్ బలము గల అయస్కాంతమును రాగి చుట్టలతో నిర్మింపవచ్చునా యని ఆలోచించియుండెను. లెక్క వేయగా దానికి ఒక యుద్ధనౌక ఖరీదగునని తేలెను. అంతయు రాగిలో పుట్టు వేడిని చల్లార్చుటకే! నిరోధమే లేని తీగకు వేడి యెక్కడిది? 1913 సెప్టెంబరులో చికాగో నగరమున జరిగిన శైత్యశాస్త్ర మహాసభలో ఓనెస్ ఈ ఆశను బయలుపరచెను. ఆ యేడు డిసెంబరులోనే నోబెల్ బహుమానము వచ్చెను. గమనింపుడు, బహుమాన కారణములో చెప్పబడినవి తక్కువ ఉష్ణోగ్రతలందలి పదార్థ పరీక్షలును ద్రవ హీలియమునే గాని అతివాహకత పేరే లేదు. దాని విలువ అప్పటికి ఎవరికి తెలియును?

ఆ ఆశ ఎంత త్వరగా పుట్టెనో అంత త్వరగా అడుగంటెను. సీసపు చుట్టలో విద్యుత్తు పెంచుచు పోగా ఒక హద్దున నిరోధము తటాలున మరల వచ్చెను. తీగలోని చెడుపాళ్లు కారణమేమోయని మొదట అనుమానించిరి. 1914లో అసలు కారణము పట్టువడెను. అయస్కాంత క్షేత్రమే అతివాహకతను చంపును. సీసము ఓర్వగలది ఐదారువందల గాస్ మాత్రమే. కోరినది లక్ష, దొరికినది ఆరువందలు! పైగా అయస్కాంతము చేయుటకు తెచ్చిన తీగను ఆ అయస్కాంత బలమే పాడుచేయుచున్నది. భస్మాసురుని చేయి వాని తలపైననే పడినట్లయ్యెను.

నోబెల్ బహుమానము చేతికి వచ్చి ఆరు మాసములైన కాలేదు. లోకమంతటి యెదుట ప్రకటించిన ఆశ. వేరొకడైనచో మరికొంతకాలము మౌనము పాటించి యుండునేమో. ఓనెస్ ఆ హద్దును గూడ ఉష్ణోగ్రతవారీగా కొలిచి, పట్టిక గట్టి, లైడెన్ ప్రయోగశాల పత్రికలలో అచ్చొత్తించెను. నాకు ఆయన జీవితమున 1908 జూలై నాటికంటెను ఈ పని గొప్పదిగా తోచును. లాభమును పద్దు కట్టుట ఎవరికైన చేతనగును. నష్టమును అణాపైసలతో వ్రాయుటకు గుండె కావలెను.

అదే 1914 వసంతకాలమున మరియొక వింతను చూపెను. సీసపు తీగ చుట్ట రెండు కొనలు కలిపి, అందు విద్యుత్తును ప్రవేశపెట్టి, పుట్టించిన మూలమును తొలగించెను. గంటలు గడచినను ప్రవాహము తగ్గలేదు. ప్రక్కన నుంచిన దిక్సూచి ముల్లు ఆ చుట్టవైపే చూచుచుండెను. తైలము పోయని దీపము వెలుగుచున్నట్లుండుటచే సహాధ్యాపకుడు ఏరెన్ఫెస్ట్ చూచి నివ్వెరపోయెను.

అంతలో ప్రపంచ యుద్ధము వచ్చెను. హాలెండు తటస్థముగా నుండినను పరిశోధనకు వస్తువులు దొరకుట కష్టమయ్యెను. యుద్ధకాలమునను తరువాతను శత్రుదేశముల శాస్త్రజ్ఞుల నడుమ వైరము తగ్గించుటకును, కరవు పాలైన దేశములందలి పసిపిల్లలకు అన్నము చేర్చుటకును ఆయన పాటుపడెను. 1922లో పరమశూన్యమునకు ఒక డిగ్రీ లోపలికి చేరెను గాని హీలియమును గడ్డకట్టించు కోరిక తీరలేదు. 1923లో పదవి విరమించి 1926 ఫిబ్రవరి 21న లైడెనులో కన్నుమూసెను. శిష్యుడు కేసోమ్ అదే యేడు వేసవిలో హీలియమును ఘనముగా మార్చెను. అంత్యక్రియలనాడు ప్రార్థన ఆలస్యమై శవవాహనము వేగముగా పోవలసిరాగా, నల్లకోట్లు తొడిగి వెంట నడచు ఫ్లిమ్, కెసెల్రింగులు చెమటలు తుడుచుకొనుచు, పెద్దాయన పోయియు మనలను పరుగెత్తించుచున్నాడుగదా యని నవ్వుకొనిరని ఒక కథ కలదు.

ఆయన వ్రాసిన నష్టపు పద్దును తిరుగవ్రాసినది 1961వ సంవత్సరము. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కుంజ్లర్ మొదలగువారు నియోబియము తగరముల సమ్మేళనము 88,000 గాస్ క్షేత్రములోను అతివాహకముగానే నిలుచుట కనుగొనిరి. లక్ష ఇక స్వప్నము కాదు. వెంటనే ఇంజనీర్ల దృష్టి జనరేటరుపై పడెను. జనరేటరులో నడుమ తిరుగుచుండు అయస్కాంతమును రోటరందురు. చుట్టును కదలక నిలుచు చుట్టలలో మన యిండ్లకు వచ్చు విద్యుత్తు పుట్టును. రోటరు తీగలో ప్రవాహము ఒకే దిక్కున పోవును. నిలుచు చుట్టలలో అది క్షణమునకు యాబదిమారులు ముందువెనుకలాడును. అతివాహకము ఒకే దిక్కున పోవు ప్రవాహమునకే నిజముగా నష్టములేనిది, ముందువెనుకలాడినచో అందును కొంత వేడి పుట్టును. కాబట్టి రోటరులో మాత్రము అతివాహక తీగ చుట్టి, దాని మధ్య ద్రవ హీలియము ప్రవహింపజేసి, వెలుపలి చుట్టలను రాగితోనే యుంచుట వారి ఉపాయము. నిమిషమునకు మూడువేలమారులు తిరుగు ఇరుసు లోపల, సున్నకు దిగువ 269 డిగ్రీల ద్రవమును నిలుపవలెను. వెలుపల మామూలు వేడి. నడుమ శూన్యము. డూవరు గాజుపాత్రను ఇనుముతో చేసి బొంగరమువలె త్రిప్పినట్లని చదువరులు ఊహించుకొనవచ్చును.

లాభమెంత? పెద్ద జనరేటర్లు ఇప్పటికే నూటికి తొంబదియెనిమిదిన్నర పాళ్ల పైన శక్తిని అందించుచున్నవి. అతివాహకముతో మరియొక అరపాలు కలిసివచ్చునని అంచనా. అర శాతమని చిన్నచూపు చూడరాదు. విశాఖపట్టణము వద్ద సింహాద్రి కేంద్రములో ఒక్కొక్క యంత్రము 500 మెగావాట్లది. అందు అర శాతమనగా 2,500 కిలోవాట్లు. దినమునకు 60,000 యూనిట్లు. మన చేలలోని ఐదు గుర్రముల మోటార్లు ఐదువందల వరకు దానితో నడుచును. యంత్రపు పరిమాణము, బరువు కూడ సగము వరకు తగ్గును. చీటికి రెండవవైపు కూడ చూడవలెను. అంతటి చలిలో ఒక్క వాటు వేడి చొరబడినచో దానిని తోడి వెలుపల పోయుటకు వందల వాట్లు, ఒక్కొక్కప్పుడు వేయి వాట్లు ఖర్చగును. తీగలో ఒకచోట కొంచెము వేడెక్కి అతివాహకత తప్పినచో ఆ లోపము నిప్పంటుకొన్నట్లు చుట్టయంతట వ్యాపించును. విద్యుత్కేంద్రములో యంత్రము నెలల తరబడి ఆగక నడువవలసినది.

1972లో అమెరికాలో వెస్టింగ్‌హౌస్ వారు 5 మెగావోల్టు ఆంపియర్ల యంత్రమును పరీక్షించిరి. తరువాత 300 మెగావోల్టు ఆంపియర్లది తలపెట్టి నడుమనే విరమించుకొనిరి. విద్యుత్తు గిరాకి తగ్గగా అంత ఖర్చునకు ఎవరును సాహసింపలేదు. పట్టు విడువనివారు జపానీయులు. 1988లో మొదలిడి, మూడు రకముల రోటర్లు చేసి, 1997లో ఒసాకా నగరమున 79,000 కిలోవాట్లు పుట్టించి చూపిరి. మన హైదరాబాదులోని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ పరిశోధనా విభాగమున కూడ 200 కిలోవోల్టు ఆంపియర్ల అతివాహక జనరేటరును నిర్మించిరి.

ఈలోపల 1986లో స్విట్జర్లాండున బెడ్నోర్జ్, ముల్లర్ అనువారు పింగాణివంటి పదార్థములలో అతివాహకతను కనుగొనిరి. మరుసటి యేడే ద్రవ నత్రజని చలికే అతివాహకమగు పదార్థము దొరికెను. హీలియము అరుదు, నత్రజని గాలిలో కావలసినంత. ఆ పదార్థములను తీగగా సాగదీయ శక్యము కాదు, పెళుసు. సన్నని లోహపు పట్టీలపై పూతగా పూసి చుట్టలు చేయుటకు ఇరువదియేండ్లు పట్టెను. అట్టి పట్టీలతో రోటరు చేసి, డెన్మార్కు పడమటి తీరమున థైబొరాన్ అను చోట 3,600 కిలోవాట్ల గాలిమరలో 2018లో ఎక్కించిరి. ఉత్తర సముద్రపు గాలికి అది 600 గంటలకు పైగా తిరిగి ఊళ్లకు విద్యుత్తు నిచ్చెను. తరువాత దానిని దింపి భాగములను పరీక్షించిరి. ఓనెస్ పుట్టిన గ్రోనింగెన్ పట్టణమునకు ఆ తీరము అదే సముద్రముపై ఉత్తరముగా నున్నది.